జెయింట్ వీల్ మీంచి ఫోను

ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమెను అందరూ ఎందుకక్క అనేవారు. ఏ ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఎవరేం చెప్పినా "ఎందుకు?" అని అడగందే ఒక్క అక్షరం టైపు చేసేది కాదు. ఆమె వస్తోందంటే చాలు, ప్రోగ్రామర్లు ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించేవారు.

వాళ్లందరిలోకీ మొండిఘటం గురువుగారు. బస్సు టికెట్లు అమ్మే ప్రోగ్రామును కన్నబిడ్డలా పెంచింది ఆయనే. "రాసేదేముందమ్మా, అంతా నా బుర్రలో ఉంది" అని తల తట్టి చూపించి తప్పించుకునేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ ప్రోగ్రాము కాస్తా పడకేసింది. ఆ బుర్రేమో సెలవులో ఉంది. మేనేజరు ఫోను కలిపేసరికి గురువుగారు మనవరాలితో కలిసి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కి కూర్చున్నారు.

"దిగి చెప్పండి సార్!"

"దిగడం నా చేతుల్లో ఉందా? చెప్తా, చెయ్యండి!"

మేనేజరు ఫోను స్పీకర్లో పెట్టి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఎందుకక్క పక్క కంప్యూటర్ లాక్కుంది. ఇన్నాళ్లకి చిక్కారు! ఆనందంతో ఆమె వేళ్లు ఒకచోట నిలవడం లేదు.

"ముందు ఇరుక్కుపోయిన పాత కాపీని పూర్తిగా ఆపండి. ఆ తర్వాతే కొత్తది... అమ్మోయ్!"

"ఎందుకు?"

"చక్రం ఒక్కసారిగా కిందికి దిగుతోందమ్మా!"

"అది కాదు గురువుగారూ, పాతది ఎందుకు ఆపాలి?"

"ఆపకపోతే రెండూ కలిసి ఒకే సీటు ఇద్దరికి అమ్మేస్తాయి! కళ్లు మూసుకో! కిందికి చూడకు!"

మేనేజరు బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. "మూసుకున్నా సార్. ఇప్పుడు?"

అవతల చిన్నపిల్ల కిలకిలా నవ్వింది. "తాతయ్యా, అంకుల్ కూడా భయపడుతున్నాడు!"

గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే కొత్తది మొదలుపెట్టారు. తెర మీద మొదటి టికెట్ కనిపించగానే ఎందుకక్క కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

సోమవారం గురువుగారు ఆ రోజు ఎందుకక్క టైపు చేసిన పేజీ చదివారు. మూడో అంశం దగ్గర ఆగిపోయారు. "కళ్లు మూసుకోవాలి. ఎందుకో ఇంకా తెలియదు." పొట్ట పట్టుకుని నవ్వి, కుర్చీ లాక్కున్నారు.

"అది తీసెయ్ తల్లీ. మిగతాది కూర్చుని రాద్దాం."

ఆ వారమంతా ఆయన చెబుతూనే ఉన్నారు, ఆమె అడుగుతూనే ఉంది.

కొన్నాళ్లకు ప్రోగ్రాము మళ్లీ మొరాయించింది. సంగతి తెలిసి గురువుగారే ఇంట్లోంచి ఫోను చేశారు.

"నన్ను పిలవలేదేమయ్యా?"

"ఎందుకక్క పేజీ చూసి మేమే మళ్లీ నడిపించేశాం సార్" అన్నాడు మేనేజరు.

ఆయన కాసేపు అలిగారు. ఆ తర్వాత ఎందుకక్కను లైన్లోకి పిలిచి, "గట్టిదానివే" అని పకపకా నవ్వేశారు.