రాహుకాలంలో నాటిన అరటి

లీడ్స్‌లో ఈ ఉదయం ఎండ కాస్త నమ్మకంగా కాసింది. పెరట్లో అరటిచెట్లకు చలికాలమంతా చుట్టి ఉంచిన గడ్డి విప్పుతుంటే బోదె చల్లగా, నున్నగా చేతికి తగిలింది. ఇవి చలికి ఓర్చుకునే జాతి. కాయ తినడానికి పనికిరాదు గానీ ఆకు భోజనానికి బ్రహ్మాండం.

మొదటి మొక్క కొన్న ఏడాదే మా అత్తగారు మాతో ఉండటానికి వచ్చారు. ఆవిడది కోనసీమ. అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదన్న నియమం కూడా ఆవిడతోపాటే విమానమెక్కి వచ్చింది. నేను పక్కనే కూర్చుని ఉన్నా, "అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు" అనే మొదలుపెట్టేవారు. మొక్క తెచ్చిన ఆదివారం సాయంత్రం నేను గునపం తీయగానే అలాగే కబురొచ్చింది, రాహుకాలం దాటాక నాటమని. మూఢనమ్మకాల మీద ఏళ్ల తరబడి వ్యాసాలు రాసినవాణ్ణి, ఊరుకుంటానా? అక్కడి సూర్యోదయానికి కట్టిన లెక్క ఇక్కడెలా చెల్లుతుందని అడిగాను. "సూర్యుడు ఒక్కడేనని చెప్పవే" అన్నారు కూతురితో. పంతానికి అప్పుడే నాటాను. ఇది బతికితే రాహుకాలం వట్టిదని ఒప్పుకోవాలని కూడా అన్నాను.

ఒక్క మొక్కతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదని సభల్లో చెప్పేది నేనే. అయినా ఆ శీతాకాలం నా హేతువాదమంతా ఆ బోదెలోనే ఉన్నట్టు రోజూ వెళ్లి నొక్కి చూసేవాణ్ణి. వెచ్చగా ఉంటుందని ప్లాస్టిక్ షీటు చుట్టాను. లోపల నీరు చేరి, గడ్డకట్టి, జనవరికల్లా చెట్టు కుళ్లిపోయింది. మొదలంటా కోసేసి, వెక్కిరింత కోసం ఎదురుచూశాను. మర్నాడు చూస్తే ఆ మోడు మీద మోకాలెత్తు గడ్డి, దానిపైన ఆవిడ పాత నేతచీర, ఎగిరిపోకుండా నాలుగు ఇటుకలు. ఎవరు కప్పారని అడిగితే నా భార్య నవ్వింది. "ఇంకెవరు? దుంప బతికే ఉందట. మీకు చెప్పొద్దంది." చెట్టు చస్తే పందెంలో గెలిచేది ఆవిడే.

మే నెలలో ఒక ఉదయం నా భార్య హాస్పిటల్ డ్యూటీకి వెళ్లింది. ఇంట్లో కబురు మోసేవాళ్లు లేరు. అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి, మొదటిసారి నేరుగా నన్నే పిలిచారు.

"అల్లుడుగారూ, మీ రాహుకాలం మొలిచింది. వచ్చి చూడండి."

వేలెడంత పిలక. ఇద్దరం తడిగడ్డిలో గొంతుక్కూర్చుని చూశాం. వాదన మాత్రం తేలలేదు. మొదటి చెట్టు పోయింది వేళ మంచిది కాక అని ఆవిడ, నా ప్లాస్టిక్ వల్ల అని నేను. కాకపోతే ఇప్పుడు మధ్యవర్తి లేకుండా, ఎదురెదురుగా. ఆగస్టులో ఒక మధ్యాహ్నం లేత ఆకులు కోసి, ముద్దపప్పూ ఆవకాయా వడ్డించి, ఆవిడ నా ఎదుటే కూర్చుని తిన్నారు.

కాలంలో మంచిదీ చెడ్డదీ అంటూ ఉండవని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం ఆ మాట రాయలేను.