నురగమ్మ సీసా

ఆ పార్లర్‌లో తల కడిగే తొట్టి దగ్గర ఇరవై రెండేళ్లుగా ఆవిడే. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, దాన్ని చదివే నాథుడు లేడు. ఆవిడ చెయ్యి పడగానే తల మీద బుసబుసమని నురగ లేచే తీరు చూసి ఎవరో సరదాకి నురగమ్మ అన్నారు, అదే ఖాయమైపోయింది. ఆవిడకీ ఆ పేరంటే లోలోపల గర్వమే. నురగ రాకపోతే మురికి వదలదని ఆవిడ సిద్ధాంతం. మెడ కింద ఒక చెయ్యి పెట్టి, నుదుటి నుంచి వెనక్కి వేళ్లు నడిపిస్తుంటే, కుర్చీలో వాలినవాళ్లు ఇంటి గొడవలన్నీ చెప్పేసుకుని కునుకులోకి జారిపోయేవాళ్లు.

అంత పేరు తెచ్చిన చేతులే ఇప్పుడు ఆవిడ కొంప ముంచేలా ఉన్నాయి. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, పొట్టు లేచి, ఎర్రగా వాచిపోయాయి. గిన్నె మూత తీయాలన్నా ప్రాణం పోయేంత మంట. మొన్న ఒకావిడ కుర్చీలో వెనక్కి వాలబోతూ ఆ చేతులు చూసి దిగ్గున లేచి కూర్చుంది. "ఈవిడ వద్దండీ, ఇంకెవరైనా కడుగుతారా?" అంది. పార్లరంతా విన్నారు. నురగమ్మకి తల కొట్టేసినట్టయింది.

పార్లర్ నడిపే మేడమ్ మంచి మనిషే. కానీ వచ్చినవాళ్లు లేచిపోతుంటే ఎన్నాళ్లని ఊరుకుంటుంది? "ముందు చర్మం డాక్టర్‌కి చూపించుకోండి. తగ్గే దారి ఉంటే సరే. లేదంటే తొట్టి దగ్గర ఇంకొకరిని పెట్టుకోక తప్పదు" అని తేల్చేసింది. ఆ తొట్టి పోతే నురగమ్మకి మిగిలేదేమీ లేదు. ఇంకో పని రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు.

ఆరేళ్లుగా ఇంత బాధ పడుతూ అంతవరకూ డాక్టర్ గుమ్మం ఎందుకు తొక్కలేదంటారా? దోషి ఎవరో ఆవిడకి ముందే తెలుసు మరి. కోడలు ఇంటికి వచ్చి ఆరేళ్లు, చేతులు చెడి ఆరేళ్లు. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? గిన్నెలు తోమే సబ్బు మంచిది కాదంది, కోడలు మార్చింది. బట్టల పొడి ఘాటంది, అదీ మార్చింది. చివరికి అత్తగారి బట్టలు విడిగా ఉట్టి వేణ్నీళ్లలో జాడించి ఆరేసేది. ఎన్ని మారినా చేతులు మాత్రం మారలేదు. "నువ్వే ఏదో సరిగ్గా చెయ్యడం లేదు" అని సాధించేది నురగమ్మ. కొడుకు మధ్యలో నోరు తెరిస్తే వాడికీ నాలుగు వడ్డించేది.

పైగా ఆవిడకి సొంత వైద్యం ఒకటుంది. సంచిలో ఎప్పుడూ ఒక చిన్న సీసా. పసిపిల్లలకి వాడేది, కళ్లు మండనిది, కొబ్బరి నుంచి తీసినది అని దాని మీదే రాసి ఉంటుంది. ఆరేళ్ల కిందట పాత షాంపూ ఘాటుగా ఉందని మేడమ్‌తో పోట్లాడి మరీ పార్లర్‌కి దీన్ని తెప్పించింది. చేతులు మండినప్పుడల్లా వేరే సబ్బు ముట్టకుండా రెండు చుక్కలు దీన్నే వేసుకుని, మెత్తగా నురగ తీసి కడుక్కునేది. ఎంత లేదన్నా రోజుకి పదిసార్లు. నాలుగేళ్ల కిందట ఒకసారి ఈ సీసా ఇంట్లో కనబడకుండా పోయి, వెతగ్గా వెతగ్గా కోడలి బట్టల మధ్య దొరికింది. కోడలి అమ్మా నాన్నా కూతుర్ని చూడడానికి వచ్చి ముందు గదిలోనే కూర్చుని ఉన్నారు. వాళ్లెదుటే "దొంగ" అనేసింది నురగమ్మ. కోడలు పల్లెత్తు మాట అనలేదు. తప్పు చేసినవాళ్లు ఏమంటారులే అనుకుంది ఈవిడ.

డాక్టరమ్మ ఆవిడ వీపు మీద పట్టీలు అంటించింది. ముప్ఫై గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో పదార్థం. ఏది పడదో ఆ గడి కింద చర్మం పొంగుతుందట. నాలుగో రోజు ఫలితం చెబుతానంటే, నురగమ్మ కోడల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లింది. గిన్నెల సబ్బని డాక్టర్ నోటితో చెబితే కోడలు చెవులారా వినాలని ఆవిడ ముచ్చట.

"ఇరవై తొమ్మిది గళ్లలో ఏమీ లేదు. తొమ్మిదో గడి మాత్రం బాగా పొంగిందమ్మా" అంది డాక్టరమ్మ.

"గిన్నెల సబ్బే కదండీ?"

"కాదు. కోకమిడోప్రొపైల్ బీటేన్."

"కోకా? కోకంటే చీర కదండీ! చీరకీ నా చేతులకీ ఏంటి సంబంధం?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "చీర కాదమ్మా. కొబ్బరి నూనె నుంచి చేస్తారు. షాంపూల్లో, ముఖం కడుక్కునే వాటిల్లో నురగ బాగా రావడానికి, ఘాటు తగ్గడానికి కలుపుతారు. చాలామందికి ఏమీ చెయ్యదు. మీలాగా రోజంతా చేతులు అందులోనే నానేవాళ్లలో కొందరికి పడదు."

కొబ్బరి అన్న మాట దగ్గరే నురగమ్మ చెయ్యి సంచిలోకి పోయింది. సీసా తీసి చూపించింది. "ఇది పసిపిల్లలదండీ. ఇందులో ఉండదు కదా?"

డాక్టరమ్మ సీసా తిప్పి, చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టింది. "నీళ్ల తర్వాత మొదటి పేరు ఇదే."

"దీంతోనే కదండీ చేతులు కడుక్కుంటున్నా! మంట తగ్గుతుందని... ఇప్పుడు కూడా బయట కడుక్కునే వచ్చా!"

ఆరేళ్లు! ఎవరో చేశారని ఇల్లంతా తిట్టిపోసింది, చేసింది తన చెయ్యే. తెప్పించింది తను, పోట్లాడింది తను, పుండు మీద రోజూ రుద్దుకుంది తను. డాక్టరమ్మ మందు రాసిస్తూ ఇంకా ఏదో చెబుతోంది, ఒక్క ముక్క చెవికెక్కలేదు.

బయట బల్ల మీద కూలబడ్డాక గాని ఆవిడకి ఒక సంగతి తట్టలేదు. లోపల తన ప్రాణం అంత విలవిల్లాడిపోతే, కోడలు కనీసం ఉలిక్కిపడనైనా లేదు.

"నీకు ముందే తెలుసా ఏంటి?"

"ఆ రోజు సీసా అందుకే దాచాను అత్తయ్యా."

"ఏమన్నావ్?"

"అంతకుముందు గోడలకి రంగులు వేయించడానికి పార్లర్ పది రోజులు మూశారు గుర్తుందా? మీరు సీసా అక్కడే మర్చిపోయి వచ్చారు. ఇంట్లో నేను అదే సబ్బు, అదే పొడి వాడాను. మీ చేతులు చక్కగా మానాయి. పార్లర్ తెరిచారు, సీసా ఇంటికొచ్చింది, మళ్లీ మొదలైంది. అనుమానం వచ్చి దాచాను. వారం చూసి చెబుదామనుకున్నా. రెండో రోజే మీకు దొరికింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"దొంగ అన్నాక ఏం చెప్పినా సాకే అనుకుంటారు కదా అత్తయ్యా. మా నాన్న కూడా వింటున్నాడు."

తొమ్మిదో గడి దెబ్బ దీని ముందు ఏపాటిది? నాలుగేళ్ల మంట తప్పిపోయేది. ఒక్కసారి ఎందుకు దాచావని అడిగి ఉంటే చాలు. ఆ పిల్ల తన చేతులు బాగుపడాలని చూసింది. తను ఆ పిల్లని కన్నవాళ్ల ముందు దొంగని చేసింది. క్షమించమనాలనుకుంది గాని, మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

మూడు వారాలకి చేతులు మానాయి. ఆ కోక లేని షాంపూ మేడమ్ తెప్పించింది గాని, దానికి నురగ అంతంత మాత్రం. "నురగ లేకపోతే కడగలేదంటారు జనం. ఒక్క తల కడిగి చూపించండి. కడిగించుకున్నవాళ్లు బాగుందంటే తొట్టి మీదే" అంది. వచ్చినవాళ్లలో ఎవరూ ముందుకు రాలేదు. అందరూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. తోడు వచ్చిన కోడలు వెళ్లి కుర్చీలో వాలింది.

ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల తలలు కడిగిందో, ఇంట్లో ఉన్న ఈ తలని మాత్రం నురగమ్మ ఎప్పుడూ ముట్టుకోలేదు. రుద్దుతోంది, నురగ లేవదు. ఇంకాస్త వేసింది, లేవదు. వీపంతా చెమట పట్టింది. ఎంత రుద్దాలో, ఎక్కడ ఆపాలో చెప్పడానికి ఆ తెల్లటి నురగ లేదు. వేళ్లకి తోచినట్టు కడిగి, తువ్వాలు చుట్టింది.

"ఎలా ఉంది? మీ అత్తగారని మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పు" అంది మేడమ్.

కోడలు తువ్వాలు కిందికి వేలు పోనిచ్చి చూసుకుంది. "ఎడమ చెవి వెనక ఇంకా జిడ్డుగానే ఉంది."

పార్లర్‌లో అందరి చేతులూ ఆగిపోయాయి. ఇంకేముంది, మిన్ను విరిగి మీద పడుతుందనుకున్నారు. నురగమ్మ కోడలి చెవి వెనక వేలు పెట్టింది. నిజమే, అక్కడ వెంట్రుకలు జారుతున్నాయి.

"అవును, ఉంది" అంది. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది. "మళ్లీ వాలు తల్లీ. ఇంకెక్కడైనా ఉంటే చెప్పు, వింటాను."

కుళాయి తిప్పింది. వెనక నుంచి మేడమ్, "తర్వాత వాళ్లని పంపించనా నురగమ్మా?" అంది.

"ఆగండి మేడమ్, ఇదింకా అవలేదు" అంది నురగమ్మ.