నేను దాచిన ఒక్క వాక్యం

మా వదిన గంగామణి ఇక లేదు. గత నెలలో ఒక బుధవారం, బోధన్ దగ్గరి మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేయిస్తూనే గుండెపోటుతో కుప్పకూలింది. ఆ వార్త అందేసరికి నేను పదో తరగతికి నాడీవ్యవస్థ పాఠం చెబుతున్నాను. ఆశా కార్యకర్తగా ఆమె చేసిన సేవను గురించి రాయమని మిత్రులు కోరారు. సద్గుణాలు మాత్రమే రాసి తప్పుకుందామని మొదట అనుకున్నాను. రెండు వాక్యాలు రాసేసరికి సిగ్గేసింది.

ఇరవై రెండేళ్ల కిందట మా అన్న పోశెట్టికి కూతురు శిరీష పుట్టింది. కాన్పయిన అయిదో నాటి నుంచి వదినకు నిద్ర కరువైంది. నాలుగు రోజులు రెప్ప వాల్చలేదు. అయినా అలసట లేకుండా ఇల్లంతా కడిగేది, అంతలోనే ఏడ్చేది. ఒడిలో ఉన్నది తన బిడ్డ కాదని, ఎవరో మార్చేశారని అన్నది. చెరకుతోటలోంచి మనుషులు తన పేరు పెట్టి పిలుస్తున్నారని చెవులు మూసుకునేది. గాలి సోకిందని మా అమ్మ తేల్చింది. జీవశాస్త్రం చదివిన నేను, ఆమెను మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లే జీపులో ముందు సీట్లో కూర్చున్నాను. వేపమండలతో మొదలైన అతని వైద్యం కాల్చిన కడ్డీ దాకా పోయింది. ఆమె ముంజేయి కాలుతున్నప్పుడు నేను బయటికి నడిచాను. అడ్డుపడలేదు.

పదకొండు రోజులు వృథా అయ్యాక ఊరి నర్సు మందలించి నిజామాబాద్ ఆసుపత్రికి పంపింది. అక్కడి వైద్యుడు రక్తపరీక్షలు చేయించాడు. జ్వరం, థైరాయిడ్ వంటి కారణాలేవీ లేవని నిర్ధారించుకున్నాడు. ఇంటివైపు ఎవరికైనా ఇలా అయిందా అని అడిగితే, కాన్పు తర్వాత తన మేనత్తకూ ఇట్లాగే అయిందని వదిన తల్లి గొంతు తగ్గించి చెప్పింది. ఇది ప్రసవానంతరం కొందరికి హఠాత్తుగా వచ్చే తీవ్ర మానసిక వ్యాధి అని, ఆ గొంతులు ఆమెకు నిజంగానే వినబడతాయని, ఆమె నటించడం లేదని, త్వరగా వైద్యం చేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారని ఆయన వివరించాడు. నెలన్నరలో వదిన మళ్లీ వదిన అయింది.

ఇంటికి వచ్చిన నాడు ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉందని నా చేతికిచ్చారు. మందులు ఆపవద్దని చదివాను. మళ్లీ కాన్పు అనుకుంటే ముందే వైద్యుణ్ణి కలవాలని, అప్పుడు ఇది తిరగబెట్టే ప్రమాదం ఉందని చదివాను. పిల్ల సంగతేమిటని అమ్మ అడిగింది. తోడుగా ఒక మనిషి ఉంటే బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని చివరి వాక్యంలో స్పష్టంగా ఉంది.

"పిల్లను దూరం ఉంచమన్నడు" అన్నాను.

బిడ్డ కోసం చాచిన చేతులను వదిన మెల్లగా దించుకుంది. అప్పటికి నాకూ నా భార్యకూ సంతానం లేదు. నాతో ఆ మాట అనిపించింది భయమా, ఆశా? చాలాకాలం భయమనే చెప్పుకున్నాను. శిరీష మూడేళ్లు బోధన్‌లో మా ఇంట్లో పెరిగింది. కన్నతల్లి ఆదివారాలు వచ్చి, చుట్టంలా చూసి పోయేది.

మూడో ఏడు చివర, మందుల కోసం వదిన మొదటిసారి ఒక్కతే నిజామాబాద్ వెళ్లింది. పాప నీ పక్కనే పడుకుంటుందా అని వైద్యుడు మామూలుగా అడిగాడట. అక్కడి నుంచి నేరుగా మా గడపకు వచ్చింది. కేకలు వేయలేదు.

"లేని మాటలు నాకు వినవడ్డయి సాయిలు, అది నా రోగం. లేని మాట నువ్వు చెప్పినవు. నీదేం రోగం?"

బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి మా అన్నకు కూడా చెప్పలేదు.

ఆశాగా చేరాక ఏ బాలింత ఇంటికి వెళ్లినా ఆమె మొదట అడిగేది నిద్ర గురించే. "బిడ్డ పండుకున్నప్పుడు గూడ నీకు నిద్ర వడ్తలేదా? గట్లయితే నాకు చెప్పు, దాయకు" అనేది. ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద సాగు చేసుకుంటున్న ఒక రైతు కోడలికి ఆ లక్షణాలే కనిపించాయి. ఇంటి పరువు పోతుందని మామగారు తలుపు దగ్గరికి వేశాడు. వదిన కొంగు తొలగించి ముంజేతి మచ్చ చూపించింది. "గుట్టు చేస్తే నాకు మిగిలింది గిది. మీ కోడలికి వద్దు" అన్నది. ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయి ఆసుపత్రిలో చేరింది. ఇప్పుడు బిడ్డతో క్షేమంగా ఉంది. తన వ్యాధి పేరును వదిన నలుగురిలో నిర్భయంగా పలికేది. నేను మాత్రం తోటి ఉపాధ్యాయులకు అది గర్భసంచి జబ్బని చెప్పుకున్నాను.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు శిరీషకు చదివి వినిపించాను.

"అమ్మ కాడికి వచ్చినంక నీ ఇంటికి పోతనని ఏడ్సేదాన్నట. ఎన్ని దినాలు ఏడ్సిన్నో తెలుసా చిన్నబాపు?"

తెలియదన్నాను.

"నెల దినాలు. అమ్మనే చెప్పింది. ఎందుకు దూరం పెట్టిండ్రని అడిగితే, నాకు బాగలేకుండె బిడ్డా అన్నది. నీ పేరు తియ్యలే."

చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఇంతవరకు ఫోన్ ఎత్తలేదు.

ఎందరో తల్లులను వాళ్ల బిడ్డల దగ్గర నిలిపిన గంగామణి స్థానం ఇక పూరించలేనిది. తప్పు చేశానని ఒక్క మాట చెప్పడానికి నాకు పందొమ్మిదేళ్లు దొరికాయి. ప్రతి పండుగకూ ఆమె వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నాను, తిన్నాను, లేచాను. ఇప్పుడు ఆ మాట వినడానికి ఆమె లేదు.