తడి అంటని వేలు

నా చిన్నప్పుడు మా నాయన ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర కారు డ్రైవరుగా ఉండేవాడు. కారు షావుకారుదే అయినా దాని బాగోగులన్నీ నాయనవే. నెలకొకసారి చదునైన చోట బండి నిలిపి, ఇంజను చల్లారాక కిందికి దూరి, గేర్ బాక్సు పక్కనుండే నట్టును పానాతో విప్పేవాడు. ఆ రంధ్రంలో వేలు పెడితే అంచు దగ్గరే ఆయిలు తగలాలి. తగలకపోతే డిక్కీలో ఎప్పుడూ ఉంచుకునే డబ్బాలోంచి నింపేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, షావుకారు దంపతులు ఒక నిశ్చితార్థానికి కదిరి బయలుదేరారు. కదిరిలో మా అవ్వ ఉండేది. అక్కడ దింపవచ్చులే అని షావుకారు భార్యే నన్ను ముందు సీట్లో ఎక్కించింది. సగం దూరం పోయేసరికి బండి కింద ఏదో ఊళ పెట్టినట్టు శబ్దం మొదలైంది. గేరు మార్చబోతే గరగరమంది. నాయన రోడ్డు పక్కన ఆపాడు. రెండు వైపులా దున్ని వానకోసం వదిలేసిన సెనక్కాయ చేలు తప్ప ఏమీ లేవు. గేర్ బాక్సులో ఆయిలు తగ్గినట్టుందని నాయన మెల్లగా చెప్పాడు.

“ఆయిలు యాడుంటాదప్పా? నువ్వు అమ్ముకుంటివి గదా,” అన్నాడు షావుకారు. “దొంగను పెట్టుకొని తిరుగుతాండా.”

నా ఒళ్ళు మండిపోయింది. అంతకు ముందు వారమే ఆయిలు మార్చమని షావుకారు ఆ బండిని తన బావమరిది షెడ్డుకు పంపాడు. తిరిగొచ్చాక ఒకసారి చూస్తానని నాయన అడిగితే, మావాళ్ళు చేసిన పనిలో నువ్వు చెయ్యి పెట్టొద్దన్నాడు. ఇంట్లో నాయన అమ్మతో ఆ మాట చెప్పి దిగులుపడటం నేను విన్నాను. అదంతా అరిచి చెప్పబోయాను. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు. ఆ క్షణాన షావుకారు కంటే నాయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

బండి చల్లారేదాకా నాయన ఆగాడు. తర్వాత పానా తీసి షావుకారు చేతికిచ్చాడు.

“నా మాట వద్దు సామీ. మీరే చూడండి.”

ఆ షెడ్డులో బిగించిన ప్రతి నట్టు మీదా, నట్టునూ బాక్సునూ కలుపుతూ ఎర్రరంగు గీత పెడతారు. నట్టు కదిలితే గీత పగులుతుంది. భార్య చూస్తూండగా కాదనలేక, ఆ తెల్లపంచె మనిషి మట్టిలో మోకాళ్ళు ఆనించి కిందికి వంగాడు. ఆయిలు నింపే నట్టు మీదా, ఆయిలు వదిలే అడుగు నట్టు మీదా గీతలు చెక్కుచెదరలేదు. అంటే షెడ్డు నుంచి వచ్చాక వాటిని ఎవరూ విప్పలేదు. నింపే నట్టు ఆయనే విప్పి వేలు పెట్టాడు. వేలు పొడిగా బయటికొచ్చింది. పాత ఆయిలు తీసేసిన షెడ్డువాళ్ళు కొత్తది సరిగా నింపనే లేదు.

షావుకారు పంచె దులుపుకుని, “సరే, నింపు,” అన్నాడు. అంతే.

“నింపుతాను. మీరన్న మాట మా పాప ఇన్నది. పాప ముందరే దాన్ని ఎనక్కి తీసుకోండి.”

“డ్రైవరుకు నేను సమాధానం చెప్పల్లనా?” అంటూ ఆయన కారెక్కి తలుపు వేసుకున్నాడు. భార్య తల దించుకుంది.

నాయన మళ్ళీ అడగలేదు. డబ్బాలో ఉన్న ఆయిలు నింపి, నట్టు బిగించి, అరుపు తగ్గేదాకా నిదానంగా నడుపుతూ వాళ్ళను కదిరి చేర్చాడు. దించాక తాళంచెవి షావుకారు చేతిలో పెట్టి, ఇంక రానని చెప్పాడు. ఆ తర్వాత రెండేళ్ళు నాయన కూలికి లారీలు తోలుతూ తిరిగాడు, మేము ఇరుకున పడ్డాం. అయినా ఆ పని వదులుకున్నందుకు నాయన ఒక్కరోజూ బాధపడలేదు.

నేను టీచరునై ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల మధ్య గడిపాను. ఒకసారి తరగతిలో పెన్ను పోతే, చేయని దొంగతనానికి ఒక పిల్లను అందరి ముందూ నిలదీశాను. నిజం తెలిశాక ఆమెను చాటుకు పిలిచి బుజ్జగించడం నాకు చాలా తేలికయ్యేది. కానీ నేను తరగతి మొత్తాన్నీ కూర్చోబెట్టి, నాదే తప్పు అని చెప్పాను. ఆ షావుకారు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడం కూడా లేదు.