వంగమడి పక్కన మగ్గం గుంట

1933 జూలై చివర, ఆడి నెల రెండో మంగళవారం. ఉదయం ఆరు గంటల మిల్లు కూత అప్పుడే ఆగింది. మా అత్త పెరట్లో వంగమడి దగ్గర గొంతుక్కూర్చుని కలుపు తీస్తూ, లేవబోయి లేవలేకపోయింది. నేను చంకల కింద చేతులు వేసి లేపాను. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి.

మాది తమిళనాట కోవిల్‌పట్టిలో నేతవాళ్ళ వీధి. ఇంట్లో రెండు మగ్గాలు, వెనక నాలుగు సెంట్ల పెరడు. ఆ పెరడు అత్తది. విత్తనం విరుదునగర్ సంతకు పోయి తానే ఏరి తెచ్చుకునేది. ఆ ఊరిని మాత్రం చివరిదాకా పాత పేరుతో విరుదుపట్టి అనే పిలిచింది.

మా ఆయనకు పడుగు నూలు బారుగా సాచడానికి వీధిలో చోటు చాలడం లేదు. నేను అత్తను లేపడం చూసి అక్కడికక్కడే అన్నాడు: "ఇంక చాలమ్మా. మొక్కలు పీకేసి, ఇక్కడ గుంజలు నాటి పడుగు సాచుకుంటా."

"తీపావళి దాకా ఆగు. అప్పటికి నా తోట్టం నేను చూసుకోలేకుంటే నువ్వే పీకు."

ఆ మధ్యాహ్నం మగ్గం మీద నేస్తున్న అత్త నాడె ఆపి నన్ను పిలిచింది. "ఏమ్మే, ఇట్ట గుంటలో కాళ్ళు దించుకుని పొద్దంతా కూచుంటుండానే, మోకాలు ఒక్క మాటన్నా అంటుండాదా? మడి పక్కన గూడా ఒక గుంట తవ్వితే సరి గదా!"

రెండు మడుల మధ్య ఇద్దరమే తవ్వాం. మట్టిని గోడవార కుప్ప పోశాం. పట్టుకుని లేవడానికి మునగచెట్టుకు తాడు కట్టాం. దూరపు మొక్కలకు వంగకుండా నీళ్ళు పోయడానికి ఒక వెదురు బొంగు కణుపులు పొడిచి పెట్టుకున్నాం. అత్త గుంటలో కాళ్ళు దించి, నేలమీద కూర్చుని, చేతికందిన మేర కలుపు తీసేది.

మా ఆయన నవ్వాడు. "మొక్కలకు మగ్గమా? ఏం నేస్తావమ్మా, వంకాయ చీరా?"

"మొదట నీ నోటికి సరిపడా గుడ్డ నేస్తా, ఉండు."

మూడు నెలలు తోట ఆమె చేతిలోనే నడిచింది. మిగిలిన వంగనారు పారేయడానికి చేతులు రాక, నేను గోడవార కుప్పలో పేడ కలిపి గుచ్చాను.

దీపావళికి వారం ముందు, పురట్టాసి నెలాఖరులో వాన పట్టుకుంది. మగ్గం గుంట కప్పు కింద ఉంటుందనీ, పెరటి గుంటకు కప్పు లేదనీ మా ఇద్దరికీ ముందు తట్టలేదు. నల్లరేగడిలో నిలిచిన నీరు ఇంకదు. గుంట నిండి, అంచులు కరిగి, రెండు మడులూ అందులోకి జారాయి.

వాన వెలిసిన పొద్దున మా ఆయన ఆరు గుంజలు భుజాన పెట్టుకుని వచ్చాడు. "ఇప్పుడేమంటావు?"

"తీపావళికి ఇంకా నాలుగు దినాలుండాయి" అంటూ అత్త బురద దాటి కుప్ప దగ్గరికి పోయింది. అక్కడి వంగ నిండా పూతా, లేత కాయలూ. కుప్ప ఆమె మోకాలంత ఎత్తుంది. నా చేత ముక్కాలిపీట తెప్పించుకుని కూర్చుంది. చేయి చాపితే మొక్క మొదలు అందింది.

"మనం కిందికి పోయినాం గదమ్మే. మట్టి పైకి రావాల" అంది నాతో. తరువాత కొడుకుతో, "ఆ గుంజలిట్ట తేరా, కుప్ప చుట్టూ నాటు."

"అవి పడుగుకమ్మా!"

"పడుగు సాచేవాడు కూర లేకుండా తింటాడా? నాటు."

గొణుక్కుంటూనే నాటాడు. నేను గుంజల సందుల్లో రాళ్ళు పేర్చాను. జారిన మట్టిని తట్టలతో ఎత్తి పోసి, కుప్పను బారుగా సాగదీశాం. దీపావళినాడు నూనె తలంటు కాగానే అత్త పీటమీద కూర్చుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కలుపు తీసింది, కాయలు కోసింది, గుంజ పట్టుకుని తానే లేచింది. మా ఆయన ఆ రోజు వంకాయ కూర రెండుసార్లు వేయించుకున్నాడు. పెరటి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తోటను ఆమె 1939 దాకా చేసింది.

ఆ వానలో, ఆ పనిలో పోయినవి: వంగ పద్నాలుగు, బెండ తొమ్మిది, పిందె పట్టిన సొరపాదు ఒకటి, బురదలో కూరుకుపోయి మళ్ళీ దొరకని, కలుపు తీసే దోకుడుపార ఒకటి, పడుగు గుంజలు ఆరు.