చింతపండు లారీకి అడ్డంగా

పటాలంలో నా చివరి ఏళ్లు ఈశాన్య సరిహద్దు కొండల్లో గడిచాయి. అటునుంచి వచ్చే మత్తుమందును పట్టుకోవడమే మా దళం పని. ఆ పనికి దేశం మాకేమీ తక్కువ చేయలేదు. చీకట్లో చూసే దుర్భిణులు, వాసన పట్టే కుక్కలు, ఎంత బురదలోనైనా పోయే బండ్లు అన్నీ ఇచ్చింది.

రిటైరై వచ్చాక ఆలూరు దగ్గరి మా మెట్టచేను తమ్ముడికే వదిలేసి, నేనూ నా భార్యా డోన్‌లో ఇల్లు తీసుకున్నాం. ఊరి చివర ఒక లారీ యార్డులో కాపలా పనికి కుదిరాను. యార్డు యజమానికి నేనంటే గౌరవం. ‘మిలిటరీ అప్పా’ అని పిలిచేవాడు. మా చర్చికి రేకులు వేయించింది కూడా ఆయనే.

ఒక ఉదయం నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

“మిలిటరీ అప్పా, చింతపండు లోడు బళ్ళారికి పోతాండాది. డ్రైవరు పక్కన నువ్వు కూర్చోని పో. పాత యూనిఫారం ఏసుకో. మిలిటరీ కార్డు ముందర అద్దం కాడ కనపడేటట్టు పెట్టు.”

“చింతపండుకు మిలిటరీ ఎందుకు సార్?”

“చెక్‌పోస్టుల కాడ శానా సతాయిస్తాండారు. నిన్ను చూస్తే బండి ఆపరు. అంతే.”

సరేనని చెప్పి బయటికొచ్చి, ఆ లారీ వెనక్కి వెళ్లి సరుకు మీద కప్పిన పట్ట ఎత్తాను. చింతపండు పులుపు కింద నుంచి ఇంకో వాసన వచ్చింది. కొండల్లో ఏళ్ల తరబడి పీల్చిన వాసన అది. గంజాయి.

భయం వేయలేదు. ఒళ్లు మండింది. దాచిపెట్టినందుకు కాదు, దాని ముందు నా యూనిఫారాన్ని కూర్చోబెట్టమన్నందుకు. ఆ బట్ట నాది కాదు. ఆలూరు సంతలో మా అమ్మ కొనే సబ్బుబిళ్ల మీద కూడా పన్ను వేసి, జనం డబ్బుతో కుట్టించిన బట్ట. ఇటువంటి బస్తాల కోసమే కొండల్లో నా పక్కన నడిచినవాడు కాలు పోగొట్టుకున్నాడు.

గేటు మూసి తాళం వేశాను. తాళంచెవి జేబులో వేసుకుని పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాను. ఎస్సై అంతా విన్నాడు.

“ఈడ సగంమంది బందోబస్తుకు మంత్రాలయం పోయినారప్పా. జీపు రిపేరుకని షెడ్డులో ఉండాది. కుక్క కావాలన్నా, టీం కావాలన్నా కర్నూలు నుంచి రావల్ల. అంతవరకు బండి పోకుండా చూస్కుంటావా?”

సరిహద్దుకు అన్నీ ఉన్నాయి. అలాంటి సరుకు వచ్చి చేరే ఊరికి మాత్రం నడిచే జీపు కూడా లేదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

“చూస్కుంటా సార్,” అని ఫోన్ పెట్టేసి గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

లారీ వచ్చి నా ముందు హారన్ కొట్టింది. నేను కదల్లేదు. యజమాని పరుగెత్తుకొచ్చాడు. మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, చివరికి బెదిరించాడు. “లారీ కింద పడితే యాక్సిడెంటు అంటారప్పా, ఇంకేమనరు,” అన్నాడు.

“అనుకోనీ. తొక్కించు,” అన్నాను.

అప్పుడే నా భార్య గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి అన్నం క్యారియర్ తీసుకొచ్చింది. సంగతి చెప్పగానే మారుమాట్లాడకుండా ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని నా పక్కనే కూర్చుంది. యజమాని ఆమె వైపు తిరిగాడు.

“ఏమ్మా, నీ మొగునికి చెప్పు. మీ చర్చికి రేకులేసింది ఎవురు?”

“నువ్వే సార్. కావాలంటే పెరుక్కోని పో. ఎండలో కూర్చోని ప్రార్థన చేస్కుంటాం,” అంది.

చుట్టూ చేరిన డ్రైవర్లు చూస్తున్నారు గాని ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లలో ఒక ముసలి సాయిబు మాత్రం ఆ చిన్న తలుపులోంచి మెల్లగా బయటికి పోయి, రోడ్డు మీదున్న తన ఖాళీ లారీ తెచ్చి గేటుకు అవతల అడ్డంగా ఆపాడు. తీయమని యజమాని అరిచాడు.

“బండి ఖరాబయింది సాబ్. కదలదు,” అని సాయిబు దిగి, టైరుకు ఆనుకుని బీడీ ముట్టించాడు.

కర్నూలు నుంచి టీం వచ్చేసరికి ఎండ వాలింది. చింతపండు బస్తాల కింద గంజాయి పొట్లాలు పేర్చి ఉన్నాయి. డ్రైవర్‌నూ యజమానినీ తీసుకుపోయారు. యజమాని బెయిల్ మీద తిరిగొచ్చి, అంతా డ్రైవరే చేశాడని చెప్పుకున్నాడు. నా ఉద్యోగం పోయింది. చర్చి పెద్దలు కొందరు రాజీ పడమన్నారు. నా భార్య వాళ్లకు టీ ఇచ్చి పంపించింది. ఆ నెలలోనే మేము యార్డు గేటుకు ఎదురుగా టీ అంగడి పెట్టాం. వేరే చోటు దొరక్క కాదు.

కోర్టులో వాళ్ల వకీలు నన్ను నిలదీశాడు. “మీరేమైనా పోలీసా? ఏ అధికారంతో లారీని ఆపారు?”

“కాపలావాణ్ణి సార్. గేటు కాయమని జీతమిచ్చింది ఆయనే.”

వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. కేసు వాయిదా పడింది. బయట వరండాలో యజమాని నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంకా ఎన్ని వాయిదాలకు తిరుగుతావప్పా?”

“నువ్వు తిరిగినన్ని,” అన్నాను.