వంతెన మీద ఐసు

మా బండ్లు ఉత్తరాది కొండల నుంచి రంగూన్‌లో దిగేసరికి వాన పడుతోంది. ఎనభై ఎనిమిది, ఆగస్టు. సైనిక ప్రభుత్వం దిగిపోవాలని ఊరంతా సమ్మె. పట్టపగలే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బస్సులు లేవు. అడ్డంగా నరికి పడేసిన చెట్లను తప్పించుకుంటూ నడపాల్సి వచ్చింది. బస చౌక్తడా పేటలో ఒక పాత గిడ్డంగిలో ఇచ్చారు. సిమెంటు నేల, చెమ్మ గోడలు, మనిషికో దుప్పటి. నేను పుట్టి పెరిగిన ఇల్లు అక్కడికి దగ్గర్లోనే, పబేడాన్‌లో ఉంది. నడిచి వెళ్ళిపోవచ్చు. అమ్మ ఆ ఇంట్లోనే ఉంది. గేటు దాటకూడదని ఆర్డరు.

రెండేళ్ళు కొండల్లో ఉండి వచ్చాను. దేశమే తలుపులు బిగించుకుని కూర్చున్న కాలం అది. బయటి కబురు లోపలికి రాదు, లోపలి కబురు పక్క జిల్లాకైనా పోదు. నాన్న పోయాడన్న సంగతి నాకు అక్కడ కొన్ని నెలల తర్వాత తెలిసింది. ఇప్పుడు సొంత ఊరికి వచ్చాను కానీ ఒంటి మీద ఆకుపచ్చ బట్టలున్నాయి. ఆ వారం ఊళ్ళో ఆ బట్టలు చూసి ఎవరూ నవ్వేవారు కాదు. ఊరేగింపుల మీద సైన్యం కాల్పులు జరిపింది. వీధుల్లో మనుషులు పోయారు. కిటికీల్లోంచి మమ్మల్ని చూసే కళ్ళను నేను ఎరుగుదును. అవి మా వీధి కళ్ళే.

నేను సైన్యంలో డ్రైవర్ని. మా తాత శ్రీకాకుళం పక్కనుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. నాకు తెలుగు చర్చిలో దావీదని పేరు పెట్టారు. పటాలంలో చాలామంది నన్ను నా రంగును బట్టి పిలిచేవారు. మా సార్జెంటు మాత్రం ‘డ్రైవర్’ అనేవాడు. మండలే వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. మేము ఆయన్ని ‘సయా’ అనేవాళ్ళం, మనం గురువుగారూ అన్నట్టు.

రంగూన్‌లో ఐసు మీద జారి లారీ బోల్తా కొట్టబోయిందంటే మనవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఏప్రిల్ ఎండకు తారు కరిగే ఊరిది. నిజానికి నేను గడ్డకట్టిన రోడ్ల మీద నడిపింది కొండల్లో. చలికాలం పొద్దున్నే ఊట నీళ్ళు రోడ్డుకు అడ్డంగా పేరుకుని గాజులా ఉండేవి. అక్కడ ఒక్కసారి కూడా బండికి గీత పడలేదు. పడింది ఇక్కడ, నా సొంత ఊళ్ళో.

వచ్చిన మూడో రోజు పొద్దున సార్జెంటు నా దగ్గరికొచ్చాడు.

“డ్రైవర్, ఐసు తేవాలి.”

“ఎవరికి సయా?”

“పెద్దాసుపత్రికి. కరెంటు ఉండటం లేదు. రక్తం సీసాలు పాడైపోతున్నాయట. ఊరి లారీలేవీ కదలడం లేదు. నువ్వూ నేనూ వెళ్తాం.”

నది ఒడ్డున ఐసు మిల్లు ఉంది. పనివాళ్ళు సమ్మెలో ఉన్నారు. ఆసుపత్రికని చెబితే మాత్రం లేచి దిమ్మలు ఎక్కించారు. పైన ఊక పోసి గోనె పట్టాలు కప్పారు. మా జపాను లారీ పాతది. వైపరు ఒకటే పనిచేస్తుంది. సార్జెంటు ఎడమ పక్కన కూర్చున్నాడు, మోకాళ్ళ మధ్య తుపాకీ, పక్కన రేడియో.

దారిలో రైలు పట్టాల మీదుగా ఒక వంతెన. రెండో గేరులో ఎక్కాం. పైకి చేరాక అవతలి వాలు కనబడింది. తెల్లగా ఉంది.

మాకంటే ముందు, సమ్మె తప్పించి దొంగచాటుగా వెళ్ళిన ఓ ఐసు లారీ వెనక తలుపు గొలుసు తెగి సరుకు జారిపోయిందని, ఆ డ్రైవరుకు చేపల రేవు చేరేదాకా తెలియనే లేదని తర్వాత విన్నాం. దిమ్మలు పగిలి పొడై వాలంతా పరుచుకున్నాయి. ఊక, వాన నీళ్ళు, ఐసు. మధ్యలో చేపలమ్ముకునే ఆడవాళ్ళు వంగుని బుట్టల్లోకి ఏరుకుంటున్నారు. ఊళ్ళో ఐసు దొరక్క వాళ్ళ చేపలు కుళ్ళిపోతున్నాయి మరి.

బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి. బండి ఆగలేదు.

టైర్ల చప్పుడు పోయింది. అంత బరువున్న లారీ కింద చప్పుడు లేకపోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. బండి ముక్కు మెల్లగా ఎడమకు తిరుగుతోంది. ఆడవాళ్ళు తలెత్తారు. ఒకామె చేతిలో ఐసు ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“కాలు తియ్!” సార్జెంటు అరిచాడు. “బ్రేకు మీంచి కాలు తియ్!”

కొండల్లో ఆయన మాకు నేర్పింది అదే. కాలు తీశాను. గేరు తగ్గించాను. ముందు చక్రం ఎక్కడో ఒక జానెడు తారును పట్టుకుంది. ఆ పట్టు చాలు, ఒక్కసారి తిప్పడానికి. ఎడమకు తిప్పితే ఆడవాళ్ళు. కుడికి తిప్పితే వంతెన గోడ. బర్మాలో బండ్లు రోడ్డుకు కుడి పక్కనే నడుస్తాయి, మా లారీ స్టీరింగూ కుడివైపే. గోడంటే నా తలుపే.

కుడికి తిప్పాను.

తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. అద్దం లేదు. వాన నేరుగా ముఖం మీద పడుతోంది. తలుపు లోపలికి నొక్కుకుపోయి నా కుడి కాలిని పట్టేసింది. సార్జెంటు నుదురు చీలి రక్తం కళ్ళలోకి కారుతోంది. గోడ అవతల, చాలా కింద, రైలు పట్టాలు మెరుస్తున్నాయి. గోడ బీటలు వారింది కానీ పడలేదు.

“బతికున్నావా డ్రైవర్?”

“కాలు ఇరుక్కుంది సయా.”

వాలు కిందినుంచి జనం వస్తున్నారు. ఊరేగింపు నుంచి విడివడ్డ గుంపు, చేతులకు ఎర్ర పట్టీలు కట్టుకుని. వాళ్ళు ప్రమాదం చూడలేదు. వాళ్ళకు కనబడింది గోడకు ఆనుకుని నిలిచిపోయిన ఒక సైనిక లారీ, అందులో ఇద్దరు. అందరికంటే ముందు ఒక చారల లుంగీ మనిషి ఇటుక ఎత్తి పట్టుకున్నాడు. “నా తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడ్రా! మీ గుండు వాడి కడుపులో ఉంది!” అని అరుస్తున్నాడు.

సార్జెంటు తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. ఎత్తలేదు. చేతిలో ఉంచుకున్నాడు, అంతే. అది పేలితే మేమిద్దరం అక్కడే పోతాం, మాకంటే ముందు వాళ్ళలో కొందరు పోతారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేను కాలు లాక్కోబోయాను. నొప్పి నడుం దాకా పాకింది. “అమ్మా! నా కాలే అమ్మా!” అని తెలుగులో గొంతు చించుకున్నాను.

“ఒలమ్మో! మనోడే!”

ఐసు ముక్క పట్టుకుని నిలబడిపోయిన ఆమే. నడివయసు మనిషి, చీర మోకాళ్ళ పైకి దోపుకుంది. సార్జెంటు వైపు మెట్టెక్కి నా మొహంలోకి చూసింది.

“ఎవలబ్బాయివి బాబూ?”

“పబేడాన్. తెలుగు చర్చి పక్కన మా ఇల్లు.”

“నానుండేది ఏటవతల దలా. నన్ను పోలమ్మంతారు. ఏటీ బయపడకు.” గుంపు వైపు తిరిగి, మెట్టు మీద అడ్డంగా నిలబడి బర్మీసులో అరిచింది: “ఇటుక ఇటు విసిరితే ముందు నాకు తగుల్తుంది! వీడు మా మీదికి రాకుండా గోడకు పోయి కొట్టుకున్నాడు. నేను చూశాను. ఈ ఆడవాళ్ళందరూ చూశారు. వెనక పట్టా ఎత్తి చూడండి ఏం తెస్తున్నారో!”

ఒకడు పట్టా ఎత్తాడు. “ఐసు,” అన్నాడు.

“ఎక్కడికి?” ఇటుక పట్టుకున్న మనిషి అడిగాడు.

“నీ తమ్ముడున్న చోటికే,” అన్నాడు సార్జెంటు.

సరిగ్గా అప్పుడు రేడియో గరగరలాడింది. మా కేంద్రంలోని ఆపరేటరు గొంతు.

“ఐసు బండీ, ఐసు బండీ. ఎక్కడున్నారు? వంతెన దగ్గర జనం చేరారని కబురు. ఒక దళం సిద్ధంగా ఉంది. పంపమంటారా? ఓవర్.”

ఆ మాటలు అందరూ విన్నారు. గుంపులో ఎవరూ కదల్లేదు. దళం వస్తే ఆ వాలు మీద ఏం జరుగుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సార్జెంటు రక్తం తుడుచుకుని ఇటుక పట్టుకున్న మనిషి వైపు చూశాడు. ఆ మనిషీ ఆయన్నే చూస్తున్నాడు. రేడియో మళ్ళీ పిలిచింది. సార్జెంటు దాని మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“ఐసు బండి. ఇక్కడ జనం ఎవరూ లేరు. టైరు పంచరైంది. మార్చుకుని వస్తాం. ఎవరినీ పంపొద్దు. మళ్ళీ చెబుతున్నాను, ఎవరినీ పంపొద్దు. ఓవర్.”

“సరే. ఔట్.”

ఇటుక పట్టుకున్న మనిషి దాన్ని కిందికి దించాడు. చుట్టూ చూసి, వంగి, లారీ ముందుకు దొర్లకుండా చక్రం కింద పెట్టాడు. “జాకీ ఎక్కడుంది?” అని అడిగాడు.

తర్వాతంతా పనే. సీటు కిందినుంచి జాకీ తీశారు. దాన్ని లోపలినుంచి ఆనించి, ఇనుప కడ్డీతో తలుపును కొంచెం కొంచెంగా ఎడం చేశారు. పోలమ్మ తన తువ్వాల్లో ఐసు చుట్టి నా మోకాలి మీద అదిమి పట్టింది. “కళ్ళు మూసుకో నాయినా. ఇటు సూడకు. నీ పెళ్ళయినాదా?” అంటూ ఏవేవో అడుగుతూనే ఉంది. నేను జవాబులు చెబుతుండగానే కాలు బయటికి వచ్చింది. నాకు స్పృహ పోలేదు. పోయుంటే బాగుండేది.

ఇక మిగిలింది తుపాకీ. సార్జెంటు దాన్ని భుజాన వేసుకుని ఆ జనంలోంచి వెళ్తే ఆసుపత్రి దాకా ప్రాణంతో చేరలేడు. వదిలేసి వెళ్తే ఆయనకు జైలు. కుర్రకారు అప్పటికే దానివైపు చూస్తున్నారు. పోలమ్మకు అదంతా అర్థమైంది.

“ఇటియ్యమను. ఆసుపత్రికి నాను తెస్తాను,” అంది నాతో.

సార్జెంటుకు చెప్పాను. ఆయన ఆమె వైపు, బుట్ట వైపు చూశాడు. “తెస్తుందా?”

“తెస్తానని సెప్పు. దలా పోలమ్మ సేపలు తేకుండా ఉండడం ఎప్పుడైనా ఉందేటి?”

సార్జెంటు తూటాల పెట్టె తీసి జేబులో వేసుకున్నాడు. తుపాకీ ఆమె చేతికిచ్చాడు. తన జీవితమంతా అందులో ఉన్నట్టు రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె దాన్ని పొడుగాటి బుట్టలో పెట్టి, పైన చేపలు, ఆ పైన ఐసు సర్ది, గోనె కప్పి దానిమీద కూర్చుంది. కూర్చుని, వక్కాకు నోట్లో పెట్టుకుంది.

మమ్మల్ని సైకిలు రిక్షాలో ఎక్కించారు. ఇటుక మనిషే తొక్కాడు. ఆసుపత్రి గుమ్మంలో నన్ను ఎత్తి లోపలికి మోసుకెళ్ళి, వరండాలో చాప మీద దించి, తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. అతని తమ్ముడు బతికాడని మర్నాడు నర్సు చెప్పింది. నాకు ఆ రోజు నిద్ర పట్టింది.

చీకటి పడకముందే పోలమ్మ వచ్చింది. బుట్ట సార్జెంటు చాప పక్కన దించి, “సేపలు తెచ్చినాను,” అంది గట్టిగా, అందరికీ వినబడేట్టు. తెలుగు రాకపోయినా ఆయనకు తెలిసింది. బుట్టలో చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, కట్టు కట్టిన నుదురు నేలకు ఆనించి ఆమెకు మొక్కాడు. బర్మావాళ్ళు పెద్దలకు అలా మొక్కుతారు. పోలమ్మ సిగ్గుపడిపోయింది. “లెగమను బాబూ, సేపల కంపు,” అంది.

విచారణ జరిగింది. సార్జెంటు ఎక్కువ చెప్పలేదు. “రోడ్డు జారింది. డ్రైవరు బండిని ఆపాడు.” తుపాకీకి చేపల వాసనేమిటని అడిగితే, చేపల రేవు దారిలో వచ్చామన్నాడట. తర్వాత ఆయన్ని తూర్పు సరిహద్దుకు పంపారు. మళ్ళీ ఏ కబురూ లేదు. బతికుంటే ఎనభై దాటి ఉంటాడు.

నా కాలు అతికింది కానీ సరిగా వంగదు. సైన్యం నుంచి పంపేశారు. కర్ర ఊతతో పబేడాన్‌లో మా మెట్లు ఎక్కుతుంటే అమ్మ తలుపు తీసింది. ముందు నా కాలు చూసింది, తర్వాత నా ఒంటి మీద మామూలు చొక్కా చూసింది. “ఆ బట్టలు లేవు గదా,” అంది. అదే చాలనుకుంది. కొంచెం నడవగలిగాక ఇద్దరం పడవెక్కి దలా వెళ్ళాం. పోలమ్మ నన్ను పోల్చుకోలేదు. కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేశాక, “ఒరే లారీ!” అని పిలిచింది. చచ్చిపోయేదాకా అలాగే పిలిచింది.

మీరందరూ అడిగేది గోడను గుద్దుకున్న క్షణం గురించి. అది నాకు ఎప్పుడోగానీ గుర్తు రాదు. నాతో ఉండిపోయింది వేరు.

రిక్షా కదిలాక నేను వెనక్కి తిరిగి చూశాను. మా లారీ ఇక కదలదు. దానిలోని ఐసు దించుకుని ఆ జనం మా వెనకే బయలుదేరారు, ఆడా మగా, ఎర్ర పట్టీలవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు. గోనెలూ లుంగీలూ చుట్టిన దిమ్మలు భుజాలకెత్తుకుని, వానలో, వరసగా, ఆసుపత్రి వైపు. ఎవరూ నినాదాలు చేయడం లేదు. ఉక్క గాలికి ఆ ఐసులోంచి తెల్లటి ఆవిరి లేచి ప్రతి మనిషి తలనూ కప్పుతోంది. ముఖాలు కనబడడం లేదు. ఎవరు ఎవరో తెలియడం లేదు. భుజాలు మాత్రం కనబడుతున్నాయి, వంతెన పైదాకా.